జీన్ అదే, కోత మారింది: హార్మోన్ కేన్సర్లలో ఆర్ఎన్ఏ స్ప్లైసింగ్

(విజయనగరంలో డిగ్రీ పిల్లలు, టౌన్ జనం కలిసి కూర్చున్న ఒక సాయంత్రం సభలో మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాటలు పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ బాబులూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి, నేనేం ప్రశ్నలడగను. టాపిక్ పేరు చూసి సగం మంది జడుసుకుని ఉంటారు, అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత బస్సుకి టైమైందని ఎవరైనా లేచి వెళ్ళిపోయినా నష్టం లేదు.

ప్రోస్టేట్ కేన్సర్ కి గానీ, రొమ్ము కేన్సర్లలో ఎక్కువ రకాలకి గానీ హార్మోన్ ని అడ్డుకునే మందులు ఇస్తారు కదా. మొదట్లో చాలా బాగా పనిచేస్తాయి. జబ్బు బాగా పాకిపోయిన వాళ్ళలో మాత్రం కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో పనిచేయడం మానేస్తాయి. అప్పుడు మనం అనుకునేదేటంటే జీన్ లో ఏదో మ్యుటేషన్, అంటే అక్షరాల మార్పు, వచ్చేసుంటాది, అందుకే మందు పట్టట్లేదు అని. చాలాసార్లు అది నిజమే, కాదనను. కానీ జీన్ లో ఒక్క అక్షరం మారకుండా కూడా కేన్సర్ సెల్, అంటే కణం, మందుని తప్పించుకోగలదు. జీన్ నుంచి తీసిన కాపీని వేరేలా కోసుకుంటే చాలు. అదే స్ప్లైసింగ్. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే అంతా బాగానే ఉన్నట్టు రిపోర్ట్ వస్తాది, లోపల జరిగేది జరుగుతూనే ఉంటాది. ఈ రోజు నా గొడవంతా ఈ ఒక్క విషయం గురించే.

హార్మోన్ కి కేన్సర్ కి లింకు ఉందని ఎలా తెలిసింది? 1895, 96 ప్రాంతంలో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, ముదిరిపోయిన రొమ్ము కేన్సర్ ఉన్న ఆడవాళ్ళకి అండాశయాలు తీసేశాడు, కొంతమందికి గడ్డలు తగ్గిపోయాయి. అప్పటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు, అది వచ్చింది 1905లో. అంటే ఎందుకు తగ్గిందో తెలీకుండానే తగ్గించాడన్నమాట. ఆ తర్వాత 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ ప్రోస్టేట్ కేన్సర్ ఉన్న మగవాళ్ళకి వృషణాలు తీసేస్తే జబ్బు వెనక్కి తగ్గుతుందని చూపించాడు, దానికి 1966లో నోబెల్ వచ్చింది. ఆ ఆపరేషన్ ఇప్పటికీ చేస్తున్నారు, జీవితాంతం ఇంజక్షన్లు పొడిపించుకోలేని వాళ్ళు అదే నయం అనుకుంటారు. రొమ్ము కేన్సర్ కి హార్మోన్ ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర వచ్చింది, అమెరికాలో దానికి అనుమతి 1977లో ఇచ్చారు. విచిత్రం ఏటంటే స్ప్లైసింగ్ అనేది ఒకటుందని బయటపడింది కూడా సరిగ్గా ఆ 1977లోనే, ఈ రెండిటికీ సంబంధం ఉంటాదని అప్పుడెవరూ అనుకోలేదు.

ఇప్పుడు స్ప్లైసింగ్. ఇంటర్ బైపీసీ పిల్లలకి ఇది తెలిసిందే, మిగతా వాళ్ళ కోసం చెప్తున్నా. డీఎన్ఏలో జీన్ ఉంటుంది, దాన్నుంచి ఆర్ఎన్ఏ అని ఒక కాపీ తీస్తుంది సెల్, ఆ కాపీని చదివి ప్రోటీన్ తయారుచేస్తుంది. 1977 దాకా అందరూ ఏమనుకున్నారంటే కాపీ తీసింది తీసినట్టే చదివేస్తుంది అని. అప్పుడు ఎంఐటీలో ఫిలిప్ షార్ప్, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లో రిచర్డ్ రాబర్ట్స్, ఇద్దరి టీములూ విడివిడిగా అడినోవైరస్ మీద పనిచేస్తూ, ఆర్ఎన్ఏని డీఎన్ఏతో జత కట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లో చూశారు. చూస్తే డీఎన్ఏ మధ్య మధ్యలో ఉచ్చుల్లాగా బయటికి పొడుచుకొచ్చి ఉంది, దానికి జోడీగా ఆర్ఎన్ఏలో ఏమీ లేదు. అంటే కాపీలోంచి మధ్య ముక్కలు ఎవరో కోసి పారేశారు, మిగతావి అతికించారు. 1993లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఉంచే ముక్కలు ఎక్సాన్లు, తీసేసేవి ఇంట్రాన్లు.

ఇది నారాయణదాసు గారి ఊరు కాబట్టి హరికథతో చెప్తాను. దాసుగారు కథ మొదలెట్టి మధ్య మధ్యలో పిట్టకథలు చెప్తారు కదా. అసలు కథ ఎక్సాన్లు, పిట్టకథలు ఇంట్రాన్లు అనుకోండి. కాకపోతే మన జీన్లలో అసలు కథ గుప్పెడు, పిట్టకథలు బండెడు. కండరాలకి పనికొచ్చే డిస్ట్రాఫిన్ జీన్ చూడండి, సుమారు 22 లక్షల అక్షరాలు, దాని కాపీ ఒక్కటి తీయడానికే సెల్ కి 16 గంటలు పడతాది, తీరా కోసి అతికించాక మిగిలేది 14 వేల అక్షరాలు. మిగతాదంతా కోతకే పోయింది. పైగా దాసుగారు జనాన్ని బట్టి, టైముని బట్టి ఈ ఊళ్ళో ఒక ఘట్టం వదిలేస్తారు, పక్క ఊళ్ళో అది ఉంచి ఇంకోటి వదిలేస్తారు, కథ పేరు అదే. సెల్ కూడా అదే పని చేస్తుంది, ఒకే జీన్ ని మెదడులో ఒకలా కోస్తుంది, కాలేయంలో ఇంకోలా కోస్తుంది. మనకి ప్రోటీన్లు ఇచ్చే జీన్లు సుమారు 20 వేలే, కానీ ఎక్సాన్లు ఒకటి కంటే ఎక్కువున్న జీన్లలో నూటికి 90కి పైగా ఇలా రకరకాలుగా కోసుకుంటాయి.

కోసే యంత్రం పేరు స్ప్లైసోసోమ్. యంత్రం అంటే ఇనప సామాను కాదు, యూ1, యూ2, యూ4, యూ5, యూ6 అని ఐదు చిన్న ఆర్ఎన్ఏలు, వందకి పైగా ప్రోటీన్లు ఒకదాని మీద ఒకటి చేరి పని చేసి మళ్ళీ విడిపోతాయి. ఇంట్రాన్ మొదట్లో జీయూ, చివర్లో ఏజీ అనే రెండక్షరాల గుర్తులు దాదాపు ప్రతి చోటా ఉంటాయి. కానీ జీయూలు ఏజీలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి కదా మరి, ఏది అసలుది ఏది నకిలీదో తేల్చేది చుట్టుపక్కల అంటుకునే ప్రోటీన్లు, స్ప్లైసింగ్ ఫ్యాక్టర్లు అంటారు. కొన్ని ఇక్కడ కొయ్యి అంటాయి, కొన్ని ఇక్కడ కొయ్యొద్దు అంటాయి. వీటి మోతాదు మారితే కోత మారుతుంది. కేన్సర్ సెల్ లో వీటి మోతాదులు మారిపోయి ఉంటాయి, గొడవ అక్కడే మొదలవుతాది.

సరే, ఇప్పుడు ప్రోస్టేట్ కి వద్దాం, ఎక్కువ సేపు ఇక్కడే ఉంటాను ఎందుకంటే ఈ కథ ఇక్కడే అన్నిటికంటే బాగా తేలింది. మగ హార్మోన్ టెస్టోస్టెరోన్ సెల్ లోపలికి వెళ్ళి ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ప్రోటీన్ కి అంటుకుంటుంది, అంటుకున్నాక ఆ రిసెప్టర్ డీఎన్ఏ మీద కూర్చుని పెరుగుదల జీన్లని ఆన్ చేస్తుంది. మీరు ప్రోస్టేట్ కోసం రక్తంలో చూపించుకునే పీఎస్ఏ అనే ప్రోటీన్ ఉంది చూశారూ, అది కూడా ఈ రిసెప్టర్ ఆన్ చేసే జీన్ నుంచి వచ్చేదే, అందుకే హార్మోన్ మందు పనిచేస్తే పీఎస్ఏ పడిపోతుంది.

ఈ రిసెప్టర్ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, 8 ఎక్సాన్లు. మొదటి ఎక్సాన్ నుంచి వచ్చేది జీన్లని ఆన్ చేసే భాగం, 2, 3 నుంచి వచ్చేది డీఎన్ఏని పట్టుకునే భాగం, 4 నుంచి 8 దాకా ఉన్న వాటిలోంచి వచ్చేది హార్మోన్ ని పట్టుకునే భాగం. దీన్ని బాగా గుర్తు పెట్టుకోండి. మనం ఇచ్చే మందులన్నీ ఆ చివరి భాగం చుట్టూనే తిరుగుతాయి. ఆపరేషన్ గానీ ఇంజక్షన్లు గానీ హార్మోన్ రాకుండా చేస్తాయి, అబిరాటెరోన్ అడ్రినల్ గ్రంథిలోనూ గడ్డలోనూ తయారయ్యే కాస్త హార్మోన్ ని కూడా ఆపేస్తుంది, ఎంజాలుటమైడ్ హార్మోన్ కూర్చునే చోట తనే పోయి కూర్చుంటుంది. అబిరాటెరోన్ కి అమెరికాలో 2011లో, ఎంజాలుటమైడ్ కి 2012లో అనుమతి వచ్చింది, రెండూ మంచి మందులే, చాలా మందికి ఆయుష్షు పెంచాయి.

మరి సెల్ ఏం చేస్తుంది? 3వ ఎక్సాన్ తర్వాత ఉన్న ఇంట్రాన్ లో ఒక దొంగ ఎక్సాన్ దాక్కుని ఉంది, మామూలుగా దాన్ని కోసి పారేస్తారు. మందుల ఒత్తిడిలో ఉన్న కేన్సర్ సెల్ 1, 2, 3 ఎక్సాన్లు తీసుకుని, 4కి వెళ్ళాల్సింది పోయి ఈ దొంగ ఎక్సాన్ ని అతికిస్తుంది. దాంట్లో 16 అమైనో ఆమ్లాలకి, అంటే ప్రోటీన్ దండలో పూసలకి, సరిపడా అక్షరాలున్నాయి, వెంటనే ఆపు అనే గుర్తు ఉంది. అంటే పిట్టకథలోంచి ఒక ముక్క అసలు కథలోకి దూరి అక్కడికక్కడే మంగళం పాడేసింది. హార్మోన్ ని పట్టుకునే భాగం మొత్తం గల్లంతు. దీని పేరు ఏఆర్-వీ7.

భాగం గల్లంతైతే రిసెప్టర్ పనిచేయకూడదు కదా అనుకుంటాం. తిరకాసు ఇక్కడే ఉంది. హార్మోన్ పట్టుకునే భాగం రిసెప్టర్ కి స్విచ్ మాత్రమే కాదు, హార్మోన్ లేనప్పుడు దాన్ని ఊరకుండేలా చూసేది కూడా అదే. అది లేకపోతే ఇక ఆపేవాడు లేడు. డీఎన్ఏని పట్టుకునే భాగం ఉంది, జీన్లని ఆన్ చేసే భాగం ఉంది, హార్మోన్ తో పనే లేదు, ఎప్పుడూ ఆన్ లోనే ఉంటుంది. ఎంజాలుటమైడ్ వచ్చి కూర్చుందామంటే కూర్చునే చోటే లేదు, అబిరాటెరోన్ హార్మోన్ ఆపుదామంటే దీనికి హార్మోన్ అక్కర్లేదు. రెండు మందులకీ ఒకేసారి టోపీ పెట్టేసింది, జీన్ లో మార్పు లేకుండానే.

ఇది 2008, 2009 ప్రాంతంలో ల్యాబుల్లో బయటపడింది. పేషెంట్లలో ఏమవుతుందో 2014లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు చూశారు. 62 మంది, సగం మందికి ఎంజాలుటమైడ్, సగం మందికి అబిరాటెరోన్. రక్తంలో తిరిగే కేన్సర్ సెల్స్ పట్టుకుని వాటిలో ఏఆర్-వీ7 ఆర్ఎన్ఏ ఉందా అని వెతికారు. ఎంజాలుటమైడ్ వాళ్ళలో 39 శాతం మందికి ఉంది, అబిరాటెరోన్ వాళ్ళలో 19 శాతం. ఉన్న వాళ్ళలో ఒక్కరికి కూడా పీఎస్ఏ సగానికి పడలేదు. సున్నా. లేని వాళ్ళలో ఒక మందుకి 53 శాతం, ఇంకో మందుకి 68 శాతం మందికి పడింది. చిన్న స్టడీ, తర్వాత చేసిన వాటిల్లో అంత ఖరాఖండిగా సున్నా రాలేదు, కొద్దిమందికి పడింది, అయినా దిశ మాత్రం అదే. మరుసటి ఏడాది అదే టీం డోసెటాక్సెల్ లాంటి కీమో తీసుకునే వాళ్ళని చూస్తే ఏఆర్-వీ7 ఉన్నా 41 శాతం మందికి పీఎస్ఏ పడింది. అంటే ఈ ఒక్క టెస్ట్ వల్ల, ఇంకో హార్మోన్ మందు మీద నెలలు వృథా చేయకుండా కీమోకి వెళ్ళాలా వద్దా అనేది కొంత తేలుతుంది. నా దృష్టిలో ఇదే ఈ సబ్జెక్టులో పేషెంటుకి పనికొచ్చిన పెద్ద ముక్క, మిగతా చాలా పేపర్లు ఎలకల దగ్గరే ఆగిపోయాయి.

ఇంకో సంగతి, ఇది నాకు మహా ఆసక్తిగా అనిపిస్తుంది. ఆండ్రోజెన్ రిసెప్టర్ మామూలుగా తన జీన్ ని తనే అణిచి ఉంచుతుంది. మనం హార్మోన్ ఆపేస్తే ఆ అణచివేత పోతుంది, ఆ జీన్ కాపీలు కుప్పలుగా తయారవుతాయి, దాంతోపాటే కోత ఫ్యాక్టర్లు కూడా ఆ దొంగ ఎక్సాన్ దగ్గరికి ఎక్కువగా చేరతాయని సెల్స్ లో చూపించారు. అంటే మందు ఒత్తిడే ఈ కోతకి దారి ఇస్తోంది. మొదట్లో తీసిన ప్రోస్టేట్ గడ్డల్లో ఏఆర్-వీ7 చాలా తక్కువ, హార్మోన్ ట్రీట్మెంట్ అయ్యాక ముదిరిన జబ్బులోనే ఎక్కువ. అలాగని మందు వేసుకోవద్దు అనేవాడు మూర్ఖుడు, అది ముందే చెప్తున్నా, వాట్సాప్ లో నా పేరు మీద తిప్పకండి.

పూర్తి నిజాయితీగా చెప్పాలంటే ఏఆర్-వీ7 నిజంగా దొంగా లేక దొంగ పక్కన నిలబడ్డవాడా అనే వాదన ఇంకా ఉంది. ఎందుకంటే దాదాపు ప్రతిసారీ పూర్తి రిసెప్టర్ కూడా పక్కనే ఉంటుంది, ఒక్కోసారి అది పదింతలు ఎక్కువ ఉంటుంది. గెలిటెరోన్ అనే మందుని ప్రత్యేకంగా ఏఆర్-వీ7 ఉన్న వాళ్ళని ఏరి వాళ్ళ మీద ట్రయల్ పెట్టారు, 2016లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, గెలిచే సూచన కనబడలేదు. కొన్ని గడ్డల్లో డీఎన్ఏ కూడా అటూ ఇటూ తిరగబడి ఉంటుంది, అందువల్ల కోత మారుతుంది. అందుకని అన్నీ స్ప్లైసింగ్ నెత్తిన రుద్దేయకూడదు.

రొమ్ము కేన్సర్ సంగతి ఇంత శుభ్రంగా లేదు. ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ని పట్టుకునే రిసెప్టర్ కి కూడా పొట్టి రూపాలున్నాయి, మామూలుది 66 కిలోడాల్టన్లు, అది ప్రోటీన్ బరువు లెక్క, 36 కిలోడాల్టన్లది ఒకటి 2005లో బయటపెట్టారు, టామాక్సిఫెన్ కి లొంగకపోవడానికి అదొక కారణం కావొచ్చని పేపర్లున్నాయి, ఆసుపత్రి దాకా రాలేదు. దాని మీద నేను ఎక్కువ మాట్లాడను. ఎస్ఎఫ్3బీ1 అని కోత యంత్రంలోనే ఒక భాగం ఉంది, రొమ్ము కేన్సర్లలో నూటికి ఒకటి రెండిట్లో ఆ జీన్ కే మ్యుటేషన్ ఉంటుంది, అవి ఎక్కువగా ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న రకాలు. అప్పుడు అసలు ఏజీ గుర్తు వదిలేసి కాస్త ముందున్న నకిలీ ఏజీ దగ్గర కోస్తుంది, అలా వందల జీన్లలో.

బీఆర్సీఏ1 అని, పాడైతే రొమ్ము, అండాశయం కేన్సర్ల ప్రమాదం పెంచే జీన్ ఒకటుంది, అది మాత్రం ఇళ్ళకి సంబంధించిన విషయం కాబట్టి చెప్పాలి. అమ్మకీ పిన్నికీ చిన్న వయసులో రొమ్ము కేన్సరో అండాశయం కేన్సరో వస్తే కూతురు జీన్ టెస్ట్ చేయించుకుంటుంది. రిపోర్ట్ లో ఒక్కోసారి మార్పు ఉంది కానీ ప్రమాదమో కాదో తెలీదు అని రాస్తారు. ప్రోటీన్ లో అక్షరం మారకపోయినా ఆ మార్పు కోత గుర్తు దగ్గర పడితే మొత్తం ఒక ఎక్సానే ఎగిరిపోవచ్చు. డీఎన్ఏ మాత్రమే చూసేవాడికి అది చిన్న మచ్చ, ఆర్ఎన్ఏ చూసేవాడికి పెద్ద కన్నం. ఇలాంటప్పుడు రక్తం నుంచి ఆర్ఎన్ఏ టెస్ట్ చేస్తే అనుమానం తీరే అవకాశం ఉంది, జెనెటిక్ కౌన్సిలర్ ని అడగండి.

మరి మన దగ్గర ఇవన్నీ ఎందుకు చేయరు? మన వాళ్ళు సాలూరు నుంచో కురుపాం నుంచో విశాఖ వెళ్తారు, కేజీహెచ్ కో అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికో. బయాప్సీ ముక్కని ఫార్మలిన్ లో వేసి మైనం బ్లాక్ చేస్తారు. డీఎన్ఏ గట్టిది, తట్టుకుంటుంది, ఆర్ఎన్ఏ మాత్రం ముక్కలు ముక్కలైపోతుంది. దాన్ని తినేసే ఎంజైములు మన వేళ్ళ మీదే ఉంటాయి, గ్లవ్ లేకుండా ట్యూబ్ ముట్టుకుంటే చాలు. ముక్క తీసిన వెంటనే ఆర్ఎన్ఏ పాడవకుండా ఉంచే ద్రావణంలో వేయాలి, లేదా గడ్డకట్టించాలి, ఆ అలవాటు లేదు. ఖర్చు కంటే ఈ మొదటి పది నిమిషాల పనే మనకి అడ్డు అని నా అభిప్రాయం. ఏఆర్-వీ7 ఎక్కడా రొటీన్ టెస్ట్ కాలేదు, అదీ ఒప్పుకోవాలి.

మందులు వస్తాయా అంటే, కోతని మార్చే మందు సాధ్యమే అని ఇంకో జబ్బు నిరూపించింది. పసిపిల్లలకి వచ్చే ఎస్ఎంఏ అనే నరాల జబ్బుకి, నుసినెర్సెన్ అనే మందు ఎస్ఎంఎన్2 జీన్ లో వదిలేస్తున్న 7వ ఎక్సాన్ ని మళ్ళీ అతికేలా చేస్తుంది, 2016లో అనుమతి వచ్చింది. 2020లో వచ్చిన రిస్డిప్లామ్ నోటితో తాగేదే. కేన్సర్ లో కష్టం ఏటంటే కోత యంత్రం మంచి సెల్స్ కి కూడా అదే, దాన్ని గట్టిగా నొక్కితే మొత్తం ఒళ్ళు దెబ్బతింటాది.

ఇక అడగండి.

(ఒక పెద్దావిడ: బాబూ, మా అమ్మాయి టామాక్సిఫెన్ వాడతాది, ఇవన్నీ విన్నాక ఆ మాత్ర దండగేమో అనిపిస్తోంది.)

అమ్మా, అస్సలు అలా అనుకోకండి. రిసెప్టర్ ఉన్న రొమ్ము కేన్సర్ కి ఐదేళ్ళు ఆ మాత్ర వాడితే కేన్సర్ తో చనిపోయే ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుంది, వేలాది మంది మీద ఏళ్ళ తరబడి చూసిన లెక్క అది. నేను చెప్పినవన్నీ మందు పట్టని వాళ్ళ గురించి, మీ అమ్మాయి గురించి కాదు. వేడి ఆవిర్లు, నొప్పులు ఉంటే డాక్టర్ గారికి చెప్పమనండి, మాత్ర మాత్రం తనంతట తను మానొద్దు.

(ఒక విద్యార్థి: మాస్టారూ, ఎమ్మెస్సీలో దీని మీద ప్రాజెక్ట్ చెయ్యాలంటే మన దగ్గర ల్యాబ్ లేదు కదా?)

ల్యాబ్ అక్కర్లేదురా, ల్యాప్ టాప్, నెట్ ఉంటే మొదలెట్టొచ్చు. ఎల్ఎన్ క్యాప్, వీక్యాప్, 22ఆర్వీ1 అని ల్యాబుల్లో పెంచే మూడు ప్రోస్టేట్ కేన్సర్ సెల్ లైన్లున్నాయి, వాటి ఆర్ఎన్ఏ సీక్వెన్స్ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. స్టార్ అనే ప్రోగ్రాంతో జీనోమ్ కి అతికించు, ఐజీవీ అని జీనోమ్ ని బొమ్మగా చూపించే ప్రోగ్రాంలో తెరిచి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఆండ్రోజెన్ రిసెప్టర్ దగ్గరికి వెళ్ళు, 3వ ఎక్సాన్ నుంచి గీతలు ఎటు పోతున్నాయో చూడు. ఎల్ఎన్ క్యాప్ లో దాదాపు అన్నీ 4కి పోతాయి, 22ఆర్వీ1లో కొన్ని మధ్యలోనే దిగిపోతాయి. కాకపోతే 22ఆర్వీ1లో 3వ ఎక్సాన్ ఉన్న డీఎన్ఏ ముక్క డబుల్ అయి ఉంది, అది తెలీకుండా రిపోర్ట్ రాస్తే వైవాలో పట్టేస్తారు. వీక్యాప్ లో హార్మోన్ తీసేసిన డేటా, తీయని డేటా రెండూ పక్కపక్కన పెట్టి లెక్క పెట్టుకో, మొదటి చాప్టర్ కి అది చాలు. ఆఖరి ప్యాసింజర్ ఎక్కాల్సిన వాళ్ళు బయల్దేరండి, మిగతా వాళ్ళు ఉండండి, అది ఎలా తెరవాలో ఇక్కడే ప్రొజెక్టర్ మీద చూపిస్తాను.